అభ్రకం తోకల గ్లైడర్లతో కోట తీరానికి

ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం ఆరింటి పాసింజరులో నెల్లూరు నుంచి బయల్దేరాను. ఒళ్ళో అట్టపెట్టె, చేతిలో నాలుగడుగుల ఇనుపకడ్డీ. పెట్టెలో మూరెడు పొడవు రాకెట్టు, దానికి చెరోపక్క తగిలించే రెండు చిన్న గ్లైడర్లు. రాకెట్టు వాటిని మోసుకుపోయి పైన వదిలేస్తే, అవి గాలిలో తేలుతూ దిగాలి. ఓడలో పనిచేసే మా అన్నయ్య సింగపూరులో కొన్న కిట్టు అది. నేను ఆడపిల్లల హైస్కూలులో సైన్సు టీచర్ని. నా ఎనిమిదో తరగతి పిల్లలే రెండు నెలలు కూర్చుని వాటిని అతికించారు.

కిట్టుతో మూడు మోటార్లు, అంటే మందు కూరిన గొట్టాలు, వచ్చాయి. మొదటిదానితో పెన్న ఇసుకలో ఎగరేస్తే, మంట తగిలి గ్లైడర్ల తోకలు మాడి, రెండూ రాళ్ళలా కిందపడ్డాయి. రెండోది అంటుకోనే లేదు. "ఇక చాలమ్మా, పిల్లలకేమన్నా అయితే ఎవరు జవాబుదారీ?" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు. ఆవిడ మాటలో తప్పు లేదు. పిల్లల్ని తీసుకెళ్ళనని, ఊరికి దూరంగా వెళ్తానని, ఇదీ పోతే ఆ ఊసెత్తనని చెప్పి, మిగిలిన ఒక్క మోటారుకు అనుమతి సంపాదించాను.

విరిగిన రెక్కల స్థానంలో పెళ్ళి బాసికాలు చేసే జీలుగు బెండు కోసి పెట్టాను. తోకల సంగతి తేలింది మాత్రం గూడూరులో. నిప్పుకు మాడనిది అభ్రకమేనని తోచి అంతకు ముందు వారం అక్కడికి వెళ్ళాను. షెడ్డులో అభ్రకం చీల్చే కాశింబీ అనే ఆవిడ నా గ్లైడరును అటూ ఇటూ తిప్పి చూసి, ఉల్లిపొరకన్నా పల్చగా రెండు రేకులు చీల్చి ఇచ్చింది. "ఎగరేసేనాడు నేనూ వస్తా. నా రేకు మాడుద్దో లేదో నేనే చూడాల" అంది.

వెంకటాచలంలో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చుని, "ఏందమ్మా అది, గొడుగా?" అని అడిగాడు.

"రాకెట్టండీ."

ఆయన మూట తీసుకుని లేచాడు. "బండిలో పేలితే ఎట్టా తల్లీ?" అంటూ అవతలి బల్ల మీదికి పోయాడు. మోటారు వేరే డబ్బాలో ఉందని చెప్పినా తిరిగి రాలేదు.

ఏడుంబావుకు గూడూరు చేరాం. కాశింబీ టిఫిను క్యారియరుతో గేటు దగ్గరే ఉంది. ఎనిమిదింటి బస్సులో కోట అనే ఊరికి వెళ్ళి, తొమ్మిదిన్నరకు ఇడ్లీలు తిని, ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాం. సరుగుడు తోటల మధ్య ఇసుకదారి. చాలాచోట్ల మేమే దిగి నడవాల్సి వచ్చింది. సముద్రం చేరేసరికి పదకొండున్నర.

ఒడ్డున పోలయ్య అనే జాలరి వల బాగుచేసుకుంటున్నాడు. నేను కడ్డీ పాతడం చూసి దగ్గరికొచ్చాడు. "ఇప్పుడెగరేస్తే మీ పిట్టలు రెండూ సముద్రంలోకే పోతాయమ్మా. నేల గాలి తోస్తా ఉండాది. పొద్దు వాలినాక మళ్ళుద్ది, అప్పుడు ఎగరేయండి."

పిడికెడు ఇసుక వదిలి చూశాను. సముద్రం వైపే పోయింది.

ఒంటిగంటకు బండి అతను తొందర పెట్టాడు. అప్పుడు బయల్దేరితేనే మూడింటి బస్సు అందుతుంది. గాలి ఇంకా అటే ఉంది. ఎగరేసి పోగొట్టుకోవడమా, బస్సు వదులుకోవడమా? ఇంకో ఊరి మనిషిని వెంటబెట్టుకు వచ్చి ఈ తీరాన చిక్కుకుంటే? కాశింబీ వైపు చూశాను.

"నన్ను జూస్తావేంది టీచరమ్మా? ఆగుదామనుంటే ఆగుదాం" అంది.

బండిని పంపించేశాను. సాయంత్రం సరుగుడు కట్టెల లారీ గూడూరు పోతుందని పోలయ్య ధైర్యం చెప్పాడు. సద్ది తిన్నాం. రెండు కావస్తుండగా నా పైటచెంగు నేల వైపు ఎగిరింది.

రాకెట్టును కడ్డీకి తొడిగి, తీగలు తగిలించి, ఇద్దరినీ వెనక్కి పంపి, బ్యాటరీల మీట నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. చిన్న పొగ కూడా లేదు. కిట్టు కాగితంలో చెప్పినట్టు తీగలు బ్యాటరీల నుంచి తీసేసి, గడియారం చూస్తూ అయిదు నిమిషాలు కూర్చున్నాను. అప్పుడు దగ్గరికి వెళ్ళి చూస్తే, తీగల చివరి క్లిప్పులకు తుప్పు పట్టి ఉంది. కాశింబీ బొడ్డున దోపుకున్న అభ్రకం చీల్చే కత్తి తీసి, రెండు క్లిప్పులనూ తళతళలాడేదాకా గీకింది.

ఈసారి బుస్సుమని లేచింది. తల ఎత్తేలోపే సరుగుడు చెట్ల ఎత్తు దాటింది. పైన టప్‌మని చిన్న చప్పుడు. గ్లైడర్లు రెండూ విడిపోయాయి. ఒకటి తలకిందులై గిరగిరా తిరుగుతూ అలల్లో పడింది. రెండోది ఒక్క క్షణం ముక్కు వంచి, సర్దుకుని, ఎడమకు తిరిగింది. ఒక చుట్టు, రెండు, మూడు. మా తలల మీదుగా, పోలయ్య వల మీదుగా తేలుతూ వెళ్ళి మెత్తగా ఇసుకలో వాలింది. నేను చెప్పులు వదిలేసి పరుగెత్తాను. ముప్ఫయ్యేళ్ళు దాటిన టీచరు అలా పరుగెత్తడం మా బళ్ళో ఎవరైనా చూసి ఉంటే నవ్వి ఉండేవారు.

కాశింబీ నా వెనకే వచ్చింది. తోక మీది మసిని కొంగుతో తుడిచి ఎండకు పట్టింది. రేకు ఎక్కడా మాడలేదు.

"ఇరవై ఏండ్లుగా చీలుస్తా ఉండా టీచరమ్మా," అంది. "పెట్టెల్లో సర్దేది, ఓడలకెక్కించేది. దేనికి వాడతారో ఒక్కనాడూ చూడలా. ఈ పొద్దు చూసినా."

బెండు రెక్కలు కావడంతో అలల్లో పడినది నీళ్ళ మీద తేలింది. పోలయ్య నడుములోతు దిగి తెచ్చిచ్చాడు. రెక్క విరిగింది, తోక మాత్రం అలాగే ఉంది.

నాలుగున్నరకు కట్టెల లారీ దొరికింది. డ్రైవరు పక్కన ఇద్దరం ఇరుక్కున్నాం. ఆ తీరానికి వెళ్ళాలనుకునేవారికి ఒక మాట: అక్కడ చూడదగ్గ కట్టడం ఏదీ లేదు, నీడ తక్కువ, తాగే నీళ్ళు వెంట తీసుకెళ్ళాలి, బస్సు చూసుకుని తిరిగి రావడం దాదాపు కుదరదు. అయినా ఇన్నేళ్ళలో నేను చేసిన ప్రయాణాల్లో ఏది మళ్ళీ చేస్తావని అడిగితే, ఇదే చెబుతాను.

గూడూరులో ఆరున్నర బండి ఎక్కి, కిటికీలోంచి ఆమెను పిలిచాను. "వచ్చే నెల మా బళ్ళో సైన్సు ప్రదర్శన ఉంది కాశింబీ అక్కా. రేకులు చీల్చడం నువ్వే వచ్చి పిల్లలకు చూపించాలి."

"నేను బడి మెట్టెక్కినదాన్ని గాదు. పిల్లకాయలకి ఏం జెప్పేది?"

"చెప్పొద్దు. చేసి చూపించు."

బండి కదిలింది. ఆమె ఖాళీ క్యారియరు చంకన పెట్టుకుని నాలుగడుగులు వెంట నడిచింది. తర్వాత ఇంకాస్త గబగబా నడుస్తూ గట్టిగా అడిగింది:

"ఏ బండికి రావాల?"

"పొద్దున ఏడున్నర బండికి!" అని కిటికీలోంచి అరిచాను.