ఆడవాళ్ల చాప మీద నా చోటు

సహోదరులారా, అక్కలారా, ఊరుగాని ఊరు సూరత్‌లో మనల్ని ఒక కుటుంబంగా కూర్చిన ప్రభువుకు వందనాలు. ఒకప్పుడు ఈ మందిరం లోపలికి రాలేక, చెప్పులు విడిచే ఆ మెట్ల మీద కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడ్చినదాన్ని, ఈ రోజు మైకు పట్టుకుని మీ ముందు నిలబడ్డాను, ఇది దేవుడు కాక ఎవరు చేశారు!

నా పేరు రూతు. మా నాన్న సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గం పనికి వచ్చాడు, నేను ఇక్కడే ఇచ్ఛాపూర్‌లో పుట్టి, ఫ్యాక్టరీల పక్క రోడ్డు మీద పరుగెత్తుతూ పెరిగాను. ఈ ఊళ్లో ఆడవాళ్ల పేరుకు బెన్, మగవాళ్ల పేరుకు భాయ్ తగిలించనిదే పిలవరు కదా, గ్రౌండులో అందరికీ నేను రూతుబెన్‌ని! ఎనిమిది వందల మీటర్ల పందెంలో జిల్లాలో నా ముందు ఎవరూ ఉండేవారు కాదు. గొప్పలు పోతోందనుకుంటారేమో, పోతున్నాను, ఆ కాళ్లు ఇచ్చినవాణ్ణి బట్టి పోతున్నాను!

పెద్ద పోటీలకు ఎంపికయ్యాక ఆడపిల్లలందరికీ రక్తపరీక్ష చేశారు. తర్వాత నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచి, పుట్టుకతోనే నీ రక్తంలో మగవాళ్లకుండే గుర్తు ఉంది, ఆడవాళ్ల పందెంలో దింపడానికి నియమం ఒప్పుకోదు అన్నారు. అమ్మ కన్నది ఆడపిల్లని, పెంచింది ఆడపిల్లని, ఊహ తెలిసినప్పటి నుంచి నేను ఆడపిల్లనే, ఆ గుర్తు సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎలా పొక్కిందో ఏమో, నేను ఇల్లు చేరేసరికే గల్లీలో "అరే, రూత్‌భాయ్ ఆయా!" అని, మగాడొచ్చాడని ఒకటే నవ్వులు.

ఆ మాట నా ప్రాణం తీసేసింది సహోదరులారా! బూట్లు మంచం కిందికి తోసేశాను, అన్నం మానేశాను, ప్రభువా, నన్ను మార్చు, లేదంటే తీసుకుపో, ఇదే నా ప్రార్థన.

ఒక మధ్యాహ్నం అమ్మ రొట్టెల పిండి చేతులతోనే వచ్చి నా తల పట్టుకుని మోకరించింది. "ప్రభువా, నువ్వు బిడ్డనిచ్చినవ్, నేను తీసుకున్న. దీన్ని మార్చుమని నేనడగ. ఏం తక్కువ చేసినవని అడగాలె? తలెత్తుకొని తిరిగే ధైర్యం జర ఇయ్యి తండ్రీ, నా బిడ్డను మళ్ల నవ్వనియ్యి!" మార్చమని నేను ఏడుస్తుంటే ఏం తక్కువని అమ్మ అడుగుతోంది. ఆ పూట అన్నం తిన్నాను.

ఆదివారం మందిరానికి వచ్చాను, వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాను. మన దగ్గర ఎడమ పక్క చాపల మీద ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు కూర్చుంటారు కదా, నేను ఎటు వెళ్లాలి? ఆడవాళ్లు లేచి పక్కకు జరిగితే? ఆ భయంతో మెట్ల మీదే కూలబడ్డాను. లోపల పాట నడుస్తుండగానే మన పాస్టరమ్మ బయటికి వచ్చింది. "ఏంది బిడ్డా, గీడ కూసున్నవ్? నీ జాగ నీకే ఉన్నది, లే!" అని చెయ్యి పట్టి లాక్కుపోయి, ఆడవాళ్ల చాప మీద తన పక్కనే కూర్చోబెట్టుకుని, జారిన చున్నీ నా తల మీదికి లాగింది. పాస్టరు అయ్యగారు సహోదరి రూతు కోసం ప్రార్థన చేద్దామన్నారు. సహోదరి! ఆ మాట చెవిన పడగానే నా గుండె మీది బండ దిగిపోయింది, హల్లెలూయా!

రిపోర్టు మారలేదు, మందిరంలో నిలబడి అబద్ధం చెప్పను. ఈ పరీక్షలు మిగతా ఆడపిల్లలకు న్యాయం కోసమని కొందరు, ఆడపిల్లల్ని అవమానించడమేనని కొందరు, పెద్దలు టీవీల్లో వాదించుకుంటూనే ఉన్నారు. ఎప్పుడూ నా వెనకే రెండో స్థానంలో వచ్చే అమ్మాయి ఏడవడం నేను చూశాను, ఆమె బాధ ఉత్తదని నేననను. పందెంలో ఎవరు నిలబడాలో వాళ్లు తేల్చుకోనివ్వండి, నేనెవరో తేల్చేది మాత్రం అమ్మ కడుపులో నన్ను చేసినవాడే!

ఇప్పుడు రోజూ పొద్దున్నే మిల్లు కార్మికుల ఆడపిల్లలకు పరుగు నేర్పుతున్నాను. మొన్న వాళ్లలో ఒకమ్మాయి జిల్లా పందెం గెలిచింది, నీకు నేర్పిందెవరని అడిగితే మైకు లాక్కుని గ్రౌండంతా అదిరేలా "అమారా రూతుబెన్!" అని అరిచింది, మా రూతుబెన్ అని. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నేను మాత్రం ఏడవలేదండీ, తలెత్తుకుని నిలబడ్డాను, దేవునికే మహిమ!

ఇంత ఓపిగ్గా విన్న మీ అందరికీ నా వందనాలు. ఏ మాట పడి, ఏ సిగ్గుతో ఇవాళ ఆ మెట్ల మీద ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు. మిమ్మల్ని చేసినవాణ్ణి నమ్మి లేచి రండి. నా పక్కన చాప మీద చోటుంది.