నాపరాయి బండి

దా, ఈ చాప మీదికి జరిగి నా పక్కన కూర్చో. ఒక సంగతి చెప్తా.

మొన్న బెజవాడలో కృష్ణ ఒడ్డు పార్కుకు తీసకపోయారు నన్ను. పిల్లలు చక్రాల పలకలెక్కి మెట్ల పక్క గోడల మీద, సిమెంటు బల్లల మీద సర్రున జారతన్నారు. కాపలా ఆయన ఈల ఊది తరుముతున్నాడు. మావాళ్ళు ఇంటికి పోదామన్నా నాకు కాళ్ళు కదల్లా.

మాది గురజాల పక్క. ఎనభైల నాటి మాట. ఎండాకాలం సాగర్ కాలవకు నీళ్ళు కట్టేస్తే, గేదెలు దిగే రేవు కాడ సిమెంటు వాలు నున్నగా బయటపడేది. మగపిల్లలు చెక్కకు బేరింగులు బిగించి, ఆ బండెక్కి జారేవాళ్ళు. నాకూ ఒక్కసారి జారాలని పానం కొట్టుకునేది. మా అన్ననడిగితే, "ముందు బండి సంపాదించవే" అన్నాడు.

లారీ షెడ్డు సాయిబు బాబాయి అరిగిన బేరింగులిచ్చాడు. చెక్కే దొరకలా. మా నాన్నది నాపరాళ్ళ క్వారీలో పని. "రాళ్ళు కొట్టేవాడి ఇంట్లో చెక్క కోసం ఏడుపేందే?" అని పలచటి నాపరాయి మోసుకొచ్చి, బేరింగులు తొడిగిన తుమ్మకర్రల మీద పెట్టి ఇనప కమ్మీతో కట్టాడు. సాయిబు బాబాయి పడీపడీ నవ్వాడు.

"ఇదేం బండి అన్నా! వదినకియ్యి, పచ్చడి నూరుకుంటది."

నేనూ మా అన్నా ఇద్దరం ఆయాసపడతా రేవుకు మోసకపోయాం. "బరువు చూడాల, ముందు నేను" అని అన్న ఎక్కాడు. అబ్బ, ఏం పోయిందనీ! అడుగున ఇసకలో చక్రం దిగబడి బండి ఎగిరిపడింది. రాయి రెండు ముక్కలు. పరిచిన రాయి ఏనుగునన్నా మోస్తది గానీ దెబ్బకు ఆగదని మా నాన్నకు తెలవదా? పిల్ల అడిగిందనే మురిపెంలో మరిచిపోయాడు.

"ఏడవమాకమ్మా, రేపు ఇంకోటి తెస్తా" అన్నాడు. తెచ్చాడు కూడా. ఆ పొద్దే కాలవకు నీళ్ళొదిలారు. ఊరి ఆడోళ్ళందరూ కొత్తనీళ్ళలో పసుపుకుంకాలు ఏస్తన్నారు. నేనొక్కదాన్నే గట్టు మీద కూర్చుని ఆ నీళ్ళను తిట్టుకున్నా.

మళ్ళీ కాలవ ఎండేసరికి నాకు ఓణీ వేశారు. "రేవు కాడికి పోయావంటే కాళ్ళిరగ్గొడతా" అంది అమ్మ. ఆ రెండో రాయి దొడ్లో బట్టలుతికే బండయింది. ఎవరూ లేనప్పుడు దాని మీద కూర్చుని, కాళ్ళెత్తి, కళ్ళు మూసుకునేదాన్ని. గాలి తగిలినట్టే ఉండేది.

ఇప్పటికీ ఆ ఆశ చావలా.

మీ ఇంటి పిల్లలకు మాత్రం ఏ కోరికా రేపటికి వాయిదా పడకూడదు తల్లీ. ఒళ్ళు గీరుకున్నా నవ్వుకుంటా రావాల, మీ గడప వాళ్ళ గోలతో చల్లగా ఉండాల.