స్క్రిప్చర్ హాజరుపట్టీ

నందిగామలో ఒక మిషను హైస్కూల్లో నేను తెలుగు చెప్పేదాన్ని. వారానికి రెండు పీరియడ్లు స్క్రిప్చర్, అంటే బైబిలు పాఠం, కూడా నాదే. ఆ గంట కొట్టగానే ప్రతి తరగతీ రెండుగా చీలిపోయేది. రికార్డులో క్రైస్తవులని ఉన్న పిల్లలు నా గదికి వచ్చేవారు. మిగిలినవాళ్ళు నీతిబోధ కోసం పక్క గదికి వెళ్ళేవారు. అక్కడ లెక్కల మాస్టారు నీతి పక్కన పెట్టి లెక్కలే చేయించేవారు.

డెబ్బైల నడిమిలో ఒక ఏడాది, ఆరో తరగతి పిల్ల ఒకతె నా గది గుమ్మంలో నిలబడింది. జగ్గయ్యపేట దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి సున్నపురాయి క్వారీలో కూలీ. నందిగామలో సర్కారు హాస్టల్లో ఉండి చదువుకునేది.

"నీ పేరు నా పట్టీలో లేదమ్మా. నువ్వు పక్క గదికి వెళ్ళాలి" అన్నాను.

"మేం ఆదివారం గుడికెళ్తామండి" అంది. మా వైపు పల్లెల్లో చర్చినీ గుడనే అంటారు.

బడిలో చేర్పించేటప్పుడు తండ్రి హిందువులమనీ ఎస్సీ అనీ రాయించాడు. క్రైస్తవులమని రాయిస్తే బీసీల్లోకి పోతారు, ఎస్సీలకిచ్చే హాస్టలూ స్కాలర్‌షిప్పూ ఉండవు. ఈ సంగతి పల్లెలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ పిల్ల కళ్ళలో ఆశ చూసి కూర్చోమన్నాను. కూర్చోబెట్టి ఊరుకున్నా పోయేది. పట్టీలో అడుగున నా చేత్తో పేరు రాశాను.

ఐదేళ్ళు వచ్చింది. కంఠతా వాక్యాలు అందరికంటే ముందు అప్పజెప్పేది. చెప్పిన కథనల్లా నమ్మేసే రకం కాదు. "దేవుడు అంత మంచివాడైతే యేసునెందుకు కాపాడలేదండీ?" అని అడిగి, నేను తడుముకుంటుంటే పాపం అన్నట్టు చూసేది. పదో తరగతిలో స్క్రిప్చర్ పరీక్షలో ఫస్టు ప్రైజు ఆమెకే వచ్చింది. ప్రైజులిచ్చిన రోజు వాళ్ళ నాన్న రాతిదుమ్ము వదలని చెప్పులతో వెనక బెంచీలో కూర్చుని, చప్పట్లు కొట్టాలో కూడదో తెలియక నా వైపు చూశాడు.

పది పాసయ్యాక ఎస్సీ కోటాలో నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. నెల తిరక్కుండానే, సీటు రానివాళ్ళెవరో ఆ పిల్ల క్రైస్తవురాలని అర్జీ పెట్టారు. తాలూకా ఆఫీసు నుంచి విచారణకు మనిషి వస్తున్నాడని కబురొచ్చింది.

ఆ పొద్దున హెడ్‌మాస్టరు గారు నన్ను పిలిపించారు.

"పాత స్క్రిప్చర్ రిజిస్టర్లు చెదలు పట్టాయని చెబుదాం. ఏమంటారమ్మా?"

"బీరువాలో ఉన్నాయి కదండీ."

"ఉన్నాయని నాకూ తెలుసు" అని ఆయన కిటికీ వైపు తిరిగారు.

వచ్చినాయన మర్యాదస్తుడు. నన్ను కూర్చోమని, తర్వాతే అడిగాడు.

"ఈ అమ్మాయి మీ క్లాసుకొచ్చేదాండీ?"

"వచ్చేదండి."

"ఎన్నేళ్ళు?"

"ఐదేళ్ళు."

"రిజిస్టరు చూపిస్తారా?"

తెచ్చి ఇచ్చాను. ఆయన పేరూ తేదీలూ ఎక్కించుకుని కాగితం నా ముందు పెట్టాడు. సంతకం చేశాను.

నేను అబద్ధం ఆడలేకపోయానని తర్వాత అందరితో అన్నాను. చర్చిలో పాస్టరు అయ్యగారు మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ కుర్చీలో నా మనసులో మెదిలింది సత్యం కాదు, మా అమ్మాయి సర్టిఫికెట్టు. మేమూ తరాలుగా క్రైస్తవులమే. మా అమ్మాయిని సర్కారు బళ్ళో వేసేటప్పుడు మా వారు హిందూ ఎస్సీ అని రాయించారు. "దేవుడికి తెలుసులే" అన్నారు. నేను వద్దనలేదు. ప్రతి ఆదివారం పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని పాటలు పాడాను. ఇప్పుడు నేను ఏదో దాస్తున్నానని ఈయనకి తోస్తే, నా ఇంటి గురించి కూడా అడుగుతాడని భయపడ్డాను. ఆ భయంతో నిజం చెప్పాను.

సీటు రద్దయింది.

మనసు నిలవక ఒక శనివారం జగ్గయ్యపేట బస్సెక్కి, అక్కణ్ణించి నడిచి వాళ్ళ పల్లెకి వెళ్ళాను. వాళ్ళమ్మ నులకమంచం వాల్చి మంచినీళ్ళిచ్చింది. ఆ పిల్ల మిరపకాయల కోతకెళ్ళి అప్పుడే వచ్చింది. మండుతున్న వేళ్ళు చెంబులో ముంచి, వందనాలండి అంది.

"వాళ్ళు అడిగితే ఉన్నదే చెప్పానమ్మా" అన్నాను.

"అబద్ధం చెప్పమని నేనెందుకంటానండీ" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

వాళ్ళమ్మ నా ఎదురుగా నేలమీద కూర్చుంది. "చిన్నదాన్ని కూడా మీ బళ్ళోనే ఏద్దామనుకుంటన్నాం అమ్మగారూ. దాని కాయితం ఇంకా రాయించలేదు. మీరు సదువుకున్నోళ్ళు, మీ అమ్మాయికి ఏవని రాయించారు?"

నన్ను ఎత్తిపొడవడానికి కాదు. తెలుసుకుందామనే అడిగింది.

"క్రైస్తవులమనే రాయించాం" అన్నాను.

"అయితే మేమూ అట్టాగే రాయిస్తాం. మళ్ళీ ఈ బాధ పడలేం."

కాదు, అలా చేయొద్దు అనడానికి నోరు తెరిచాను. అంటే నేను ఇప్పుడాడింది అబద్ధమని ఒప్పుకోవాలి. మిగిలిన నీళ్ళు తాగి లేచాను. ఆ పిల్ల రోడ్డు దాకా తోడొచ్చింది.

మరుసటేడు స్క్రిప్చర్ నాకొద్దని హెడ్‌మాస్టరు గారితో చెప్పాను. కారణం అడగకుండా వేరొకరికి ఇచ్చారు. చెల్లెలు మా బళ్ళో చేరింది. క్రైస్తవ అని రాయించారు కనుక హాస్టల్లో చోటు దొరకలేదు. రెండేళ్ళు ఎవరో చుట్టాలింట్లో ఉంచి చదివించారు, తర్వాత వాళ్ళకీ కుదరలేదు. ఏడో తరగతితో మానేసింది. ఆ రెండేళ్ళూ ఆ చిన్నది వరండాలో ఎదురుపడితే, వాళ్ళ నాన్నని పిలిపించి కాగితం మార్పించుకోమని చెబుదామనుకునేదాన్ని. చెప్పలేదు.

పెద్దదాన్ని ఇంకొక్కసారే చూశాను, ఎనభైల చివర్లో, జగ్గయ్యపేట బస్టాండులో. క్వారీలో పనికెళ్తున్నానంది. పెళ్ళయింది, చంకలో పిల్ల. తనే నన్ను గుర్తుపట్టి, నా సంచీ అందుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ బస్సెక్కి నాకు సీటు ఆపింది.

కిటికీ దగ్గరికొచ్చి, "మీ అమ్మాయి బాగుందాండీ?" అని అడిగింది.

"బాగుందమ్మా. బ్యాంకులో ఉద్యోగం వచ్చింది."

"సంతోషం టీచర్‌గారూ" అంది. మనస్ఫూర్తిగానే అంది. కండక్టరు విజిలేశాడు. పిల్ల చెయ్యి పట్టుకుని నాకు టాటా చెప్పించింది.