జాలారు పక్కన నాలుగు చెట్లు

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన మూడో ఏట, వానాకాలం మొదట్లో, నన్ను నల్లగొండ దిక్కున సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని ఒక ఎక్సైజ్ స్టేషన్‌కు సబ్ ఇన్‌స్పెక్టర్‌గా బదిలీ చేశారు. స్టేషన్ పేరు రాయడం లేదు. హాలియా నుంచి బస్సులో ముప్పావు గంట దూరం అనుకుంటే చాలు. అంతకుముందు ఆరేళ్లు కొల్లాపూర్ వైపు ఎర్రనేలల్లో తిరిగినవాణ్ని. ఇక్కడికి వచ్చేసరికి ఎటు చూసినా నీళ్లు, నీళ్లలో ఆకాశం. వరి నాట్లు పడ్డాక జీపు కాలువ కట్ట మీద పోతుంటే నేల మీద పోతున్నట్టే ఉండేది కాదు.

ఆ స్టేషన్‌లో ఉండగా నేను పెట్టిన ఒక కేసు గురించి, ఆ కేసులో కోర్టు బోనెక్కి చెప్పిన ఒక మాట గురించి ఇది రాస్తున్నాను. ఆ మాట వల్ల సైదులు అనే కాలువ లష్కర్ ఉద్యోగం పోయింది. మాట అబద్ధం. నేను స్వచ్ఛంద విరమణ తీసుకుని రెండేళ్లయింది. విరమణకూ ఈ కేసుకూ సంబంధం లేదని అందరికీ చెప్పాను. అదీ పూర్తిగా నిజం కాదు.

మా శాఖ పని కల్లు దుకాణాలు, నాటుసారా, గంజాయి. గంజాయి విషయంలో చట్టానికి ఎకరం తోటైనా పెరట్లో ఒక్క చెట్టైనా ఒకటే సెక్షన్. అయితే చెట్టు ఉందని చూపిస్తే చాలదు. దాన్ని ఆ మనిషి పెంచాడని చూపించాలి. గాలికో పిట్టకో వచ్చి పడి మొలిచింది సాగు కాదు. నాటాడా, నీళ్లు పెట్టాడా, పాదు తీశాడా అని జడ్జి చూస్తారు. పాదు అంటే మొక్క చుట్టూ నీళ్లు నిలవడానికి చేసే గుండ్రటి గుంత. ఈ కథంతా ఆ గుంత చుట్టే తిరుగుతుంది.

బతుకమ్మకు పది రోజులుందనగా జిల్లా అంతటా ప్రత్యేక తనిఖీల వారం ప్రకటించారు. ప్రతి స్టేషన్ కనీసం ఒక గంజాయి కేసు చూపాలని పైనుంచి మాట. నాలుగో రోజు దాకా మా దగ్గర ఏమీ లేదు. ఐదో రోజు సమాచారం వచ్చింది: కాలువ క్వార్టర్లలో ఉండే లష్కర్ ఇంటి వెనక గంజాయి చెట్లున్నాయని. ఎవరు చెప్పారన్నది బయటపెట్టకూడదు. సైదులు అంతకు నెల ముందు కాలువలో వేసిన దొంగ పైపులు పీకించాడని మాత్రం తర్వాత తెలిసింది. లష్కర్ పనే అది. తూము తలుపు తిప్పడం, వంతు ప్రకారం నీళ్లు వదలడం, వంతు కానివాడికి ఆపడం.

వచ్చిన సమాచారాన్ని రాసి, సంతకం చేసి, పై అధికారికి పంపి, మరునాడు తెల్లవారుతుండగా బయల్దేరాం. హెడ్ కానిస్టేబుల్ జానయ్య, ఇద్దరు కానిస్టేబుళ్లు, పంచనామాకు సాక్షులుగా టీ హోటల్ యాదగిరి, రెవెన్యూ సహాయకుడు ఒకతను. సన్నగా తుంపర. కాలువ మీద పొగమంచు లేచి కట్ట దాటి ఇళ్ల మధ్యకు వచ్చింది. క్వార్టర్లు నాలుగంటే నాలుగు, పాత రాతి గోడలవి. ఆ మంచులో అవి నిలబడి నిద్రపోతున్నట్టున్నాయి.

సైదులు ఇంటి వెనక్కు వెళ్లి ఆగిపోయాం. పెరడంతా బంతిపూలు. బతుకమ్మ కోసం వేసినవి, నారింజరంగువి, పసుపువి, వాన బరువుకు తలలు వాల్చి ఉన్నాయి. వాటి మధ్య, జాలారు పక్కన, నాకంటే మూరెడు ఎత్తున నాలుగు గంజాయి చెట్లు. జాలారు అంటే ఆ వైపు స్నానం చేసి గిన్నెలు తోముకునే జాగా. ఆ నీళ్లు సన్నటి కాలువగా వచ్చి ఆ నాలుగింటి మొదళ్లను తడుపుకుంటూ బంతిమడిలోకి పోతున్నాయి. ఆకుల కొసల నుంచి చుక్కలు పడుతున్నాయి. తడిసిన ఆకుల ఘాటూ బంతిపూల వగరూ కలిసిన వాసన. ఉద్యోగంలో చాలా చెట్లు పీకించాను గానీ చూస్తూ నిలబడిపోయింది ఆ ఒక్కసారే. కాలువ చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

అంతలో సైదులు తల్లి ముత్తమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చేతిలో పూలబుట్ట. ఇంతమంది ఎందుకొచ్చారని అడగలేదు. మేం చెట్లకేసి చూస్తుంటే, "అవి పూయవు బిడ్డా, పోతుబంతులు," అంది.

జానయ్యకు నవ్వు ఆగలేదు. "పోతుబంతా అవ్వా? గీ బంతి కోసం మా సారు తెల్లారకముందే లేచి వచ్చిండు," అన్నాడు.

ఆమె చెప్పింది ఇది. బంతినారు పోసినప్పుడు వాటితోపాటే మొలిచాయి. ఆకు అంచులు రంపపు పళ్లలా ఉంటే ఇదేదో ముద్దబంతి రకం అనుకుంది. గడ్డి అంతా ఏరింది, వీటిని ఉంచింది. పెరుగుతున్నాయి గానీ మొగ్గ లేదు. మగ బొప్పాయి కాయదు కదా, అలాగే ఇవి మగవి అని తేల్చుకుంది. రోజూ పొద్దున వాటిని తిట్టేదట. "తిని పెరుగుడే గని ఒక్క పువ్వియ్యకపాయె, మా ఇంటి మొగోళ్ల తీర్గ," అంది సైదులు వైపు చూసి. అతను అప్పుడే తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. శాఖ ఇచ్చిన ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. తూము దగ్గరికి పోయే వేళ.

చెట్లను వేళ్లతో సహా తీయాలి. తూకానికీ నమూనాకూ అది పద్ధతి. జానయ్య మొదటి చెట్టును గుంజితే నేల మెత్తగా ఉన్నా వేరు రాలేదు, మొదలు వలిచినట్టయింది. చుట్టూ తవ్వమన్నాను. కానిస్టేబుళ్లు పార తీసుకుని నాలుగు చెట్ల చుట్టూ తవ్వారు. నాలుగూ తవ్వడం అయ్యాక గుర్తొచ్చింది, ఫోటో తీయలేదని. వానకు తడుస్తుందని ఫోన్ జీపులో పెట్టాను. తెప్పించి తీశాం. అప్పటికి జాలారు నీళ్లు గుంతల్లోకి తిరిగాయి. ఫోటోలో నాలుగు చెట్లు, నాలుగు గుండ్రటి గుంతలు, వాటిలో నీళ్లు. అద్దాల్లో నిలబడ్డట్టు అందంగా వచ్చాయి.

ఎవరు నాటారని సైదులును అడిగాను. అతను తడుముకోలేదు. "నీళ్లు పెట్టుడు నా నౌకరి సారూ. ఎవని చేనుకు ఎన్ని గంటలు పెట్టిన్నో రాత్రి లేపి అడిగినా చెప్త. గీటికి మాత్రం పెట్టలే," అన్నాడు. గంజాయి అని తెలుసా అంటే, వినాయక చవితి అయ్యాక అనుమానం వచ్చిందన్నాడు. పీకేద్దామంటే అవ్వ బతుకమ్మ దాకా ఆగమందట, పూయకపోయినా పచ్చగా ఉన్నాయి కదా అని.

అనుమానం వచ్చి పీకకపోవడం అతని తప్పే. ఆ తప్పును తక్కువ చేయడం లేదు. కానీ అది సాగు కాదు, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అయినా తనిఖీల వారం ముగియడానికి ఒక్క రోజే ఉంది. పంచనామాలో "మొక్కల చుట్టూ మట్టి తవ్వి ఉన్నది" అని రాశాను. ఎవరు తవ్వారో రాయలేదు. సాక్షులు వాన తగలకుండా ఇంటి ముందు అరుగు మీద నిలబడ్డారు, అక్కడే సంతకాలు పెట్టారు. లక్క సీళ్లు వేశాం. చెట్లను జీపు వెనక వేస్తే కొమ్మలు బయటికి వచ్చి కట్ట పొడుగునా రోడ్డును ఊడ్చుకుంటూ వచ్చాయి. అరెస్టయిన సైదులు వాటి పక్కనే కూర్చున్నాడు. తూము తాళంచెవి మాత్రం దిగి పక్కింటి లష్కర్‌కు ఇచ్చి, "పదిగంటలకు చివరి ఆయకట్టు వంతు, మర్వకు," అని చెప్పి మళ్లీ ఎక్కాడు.

ప్రభుత్వోద్యోగి నలభై ఎనిమిది గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే. అది నిబంధన, ఎవరి ఇష్టంతోనూ పనిలేదు. కొన్ని వారాలకు బెయిలు వచ్చేసరికి క్వార్టర్ కూడా ఖాళీ చేయించారు.

కేసు విచారణకు రావడానికి నాలుగేళ్లు పట్టింది. అప్పటికి నేను మరో చోట ఇన్‌స్పెక్టర్‌ను. ఆ ఫోటో కోర్టులో కాగితాల మధ్య చూసినప్పుడు మొదట ఆ మంచు, ఆ వాసన గుర్తొచ్చాయి. తర్వాత ప్రాసిక్యూటర్ ఆ గుంతలు చూపి అవి పాదులేనా అని అడిగారు. అవునన్నాను. సైదులు తరఫు వకీలు లేచి, పాదులు ఎవరు తీశారని అడిగాడు. "మేం వెళ్లేసరికే ఉన్నాయి" అన్నాను. వకీలు ఇంకేమీ అడగలేదు. ఎందుకు అలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. నేనే తవ్వించానంటే ఫోటో ఆలస్యంగా తీసిన సంగతి బయటపడుతుంది, పంచనామా తేలిపోతుంది, శాఖాపరమైన విచారణ వస్తుంది. ఇంతకంటే గొప్ప కారణం దొరకలేదు.

మూడేళ్ల శిక్ష పడింది. శిక్ష పడిన ఉద్యోగిని తొలగిస్తారు, అతణ్నీ తొలగించారు. ఐదు నెలలు జైల్లో ఉన్నాక హైకోర్టు అప్పీలు స్వీకరించి శిక్ష అమలును ఆపింది. అప్పీలు ఇప్పటికీ నడుస్తోంది.

విరమణ తర్వాత నాకు ఆ పెరడు తరచూ కలలోకి వచ్చేది. కలలో ఎవరూ నన్ను నిందించరు. బంతిపూలు, మంచు, చెట్లు గాలికి మెల్లగా ఊగడం, అంతే. గుంతలు మాత్రం ఉండవు. మేం వెళ్లినప్పుడు లేవు కాబట్టి కలలో కూడా లేవు. మొన్న వేసవికి ముందు ఒక రోజు ఫోటో నకలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

సైదులు హాలియా దాటాక ఒక బత్తాయి తోటలో కూలికి ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. గట్టు మీద కూర్చోమన్నాడు, తాను కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. గుంతలు మావేనని నాకు తెలిసీ కాదన్నానని చెప్పాను. బత్తాయిలు పూతమీదున్నాయి, ఆ తీపి వాసనలో మాట బరువు తగ్గినట్టు అనిపించింది. తగ్గలేదు.

"గా దినం కోర్టుల ఈ ముక్క చెప్తే మాటతోనే అయిపోతుండె. ఇప్పుడు కాయితం కావాలె," అన్నాడు.

కాగితం రాసిస్తానన్నాను. అతను ఫోటో అడిగి తీసుకున్నాడు. చూసి, పక్కనున్న పార నా చేతికిచ్చి, పాదు లేని ఒక లేత చెట్టు చూపించాడు. "జర ఒక పాదు తియ్యి సారూ. ఎట్ల తీస్తవో చూస్త."

ఎందుకో అర్థం కాలేదు గానీ తవ్వాను. చెట్టు చుట్టూ తిరుగుతూ, మట్టి తీసి నాకు వీలైన పక్కకు విసిరాను. అయ్యేసరికి ఆయాసం వచ్చింది. అతను ఫోటోను ఆ గుంత పక్కన పట్టుకుని చూడమన్నాడు. రెండూ ఒకటే. గుంత చెట్టు మొదలుకు ఆనుకుని ఉంది, వేళ్లు బయటపడ్డాయి, మట్టంతా ఒకే పక్క కుప్పగా పడింది. అతను నా గుంత పూడ్చి మళ్లీ పాదు తీశాడు. మొదలు దగ్గర మట్టి తియ్యలేదు, ఎగదోశాడు. మూరెడు దూరంలో చుట్టూ లోతు చేశాడు. తీసిన మట్టిని బయటి అంచున కట్టగా వేశాడు.

"నీళ్లు మొదలుకు తాకితే చెట్టు కుళ్లుతది. మీరు తీసింది పాదు కాదు, పీకుడు గుంత. కోర్టుల ఎవసం చేసినోడు ఒక్కడున్నా ఫోటో చూడంగనే చెప్పేటోడు," అన్నాడు. తర్వాత నవ్వాడు. "నాకు ఫోటో చూపియ్యలే. బోనుల నిలబడ్డోనికి ఎవరు చూపిస్తరు?"

ముత్తమ్మ ఉన్నది. కిరాయి ఇంటి ముందు కొద్ది జాగాలో ఇప్పటికీ బంతి వేస్తుందట. మొలకల్లో ఒక్కటి అనుమానంగా కనబడినా ఆగదట, పూసేదో పూయనిదో చూడకుండా పీకేస్తుందట.

ఆ వారంలోనే అఫిడవిట్ రాసి సైదులు వకీలుకు ఇచ్చాను. తవ్వించింది నేను, ఫోటో తవ్విన తర్వాతిది, బోనులో చెప్పింది అబద్ధం అని రాశాను. ఫోటోలో మట్టి ఒకే పక్క ఎందుకు పడిందో కూడా రాశాను. దీనితో తప్పుడు సాక్ష్యం కింద నా మీద కేసు రావచ్చని వకీలు హెచ్చరించాడు. ఆ సెక్షన్ నాకు తెలియనిది కాదు. కాగితం ఇప్పుడు హైకోర్టులో ఉంది. దాన్ని తీసుకుంటారో లేదో, సైదులు మళ్లీ తూము తాళంచెవి పట్టుకుంటాడో లేదో ఈ వాక్యం రాసేనాటికి తెలియదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి ఆ కేసు నుంచి చెప్పగలిగింది రెండు ముక్కలే. ముందు ఫోటో తీయండి, తర్వాతే పార పట్టండి. ఆ క్రమం తప్పితే, తప్పిందని పంచనామాలో అక్కడే రాయండి. ఆ వాన ఉదయం నేను అది రాయడానికి ఒక్క వరుస సరిపోయేది. ఇప్పుడు అఫిడవిట్‌కు పదకొండు పేజీలు పట్టాయి.