నూట నలభై ఆరు డిగ్రీల దగ్గర

మా కింది వాటాలో ఉండే పిన్ని ఇంట్లోనే పిప్పరమెంట్లు చేస్తుంది. నిమ్మవి పసుపుపచ్చగా, అల్లానివి తేనె రంగులో ఉంటాయి. ఒక్కోదాన్నీ చిన్న కాగితంలో చుట్టి, రెండు చివర్లూ మెలితిప్పి, గాజు సీసాల్లో నింపి వీధి చివర దుకాణాలకు ఇస్తుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. మాకు చుట్టం కాదు. మేము అద్దెకు దిగిన రోజున "అత్తయ్యగారూ" అనబోతే, "అంత పెద్దరికం నా వల్ల కాదమ్మాయ్, పిన్నీ అను చాలు" అంది.

ఆ వేసవిలో నేను మళ్లీ ఉద్యోగంలో చేరాల్సి వచ్చింది. నీటి పరీక్షల ల్యాబ్‌లో పని, సోమవారం వెళ్లాలి. మా అమ్మాయికి నాలుగేళ్లు. మా ఆయన పొద్దున్నే పోతే రాత్రి భోజనం వేళకు గానీ రారు. "నా దగ్గర వదిలెయ్, చూసుకుంటా" అని పిన్నే అంది. ఒప్పుకోవడానికి ఒక్కటే అడ్డం. ఆవిడ వంటింట్లో రోజూ రెండు గంటలపాటు పాకం కాగుతుంది. నీళ్లు వంద డిగ్రీలకు మరుగుతాయి. పాకం నూట యాభై దాకా పోతుంది, పైగా ఒంటిమీద పడితే అంటుకుపోయి వదలదు. ఈ సంగతి చదువుకున్నదాన్ని కాబట్టి తిన్న అన్నం ఒంటపట్టడం లేదు. "నాకూ నేర్పుతారా పిన్నీ" అని అడిగి వారం రోజులు ఆవిడ వంటింట్లో చేరాను. నేర్చుకోవడం ఒక వంక. నేను చూడాలనుకున్నది ఆవిడని.

మొదటి రోజే నా పాకం పాడైంది. మూకుడు అంచున ఎండిన పంచదార వృథా ఎందుకని గరిటెతో గీకి లోపలికి తోశాను. అద్దంలా ఉన్న పాకమంతా చూస్తుండగానే తెల్లగా, ఇసకలా గడ్డకట్టింది.

"గీకావు కదూ?" అంది పిన్ని ఇటు తిరక్కుండానే.

"కొంచెమే పిన్నీ."

"ఒక్క పలుకు చాలమ్మాయ్. దాన్ని చూసి మిగతాదంతా పలుకైపోతుంది. అంచులు తడిగుడ్డతో తుడవాలి. నిమ్మరసం పిండావా? అదీ లేదు! ఏం చదివావే నువ్వు?"

స్ఫటికాల గురించి రెండేళ్లు పాఠాలు విన్నాను. ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు.

రెండో రోజు థర్మామీటరు కొనుక్కొచ్చి మూకుట్లో పెట్టాను. "జ్వరమొచ్చిందా ఏంటి దానికి?" అని పిన్ని పకపకా నవ్వింది. ఆవిడకు అంకెలతో పని లేదు. స్టీలు గ్లాసులో చన్నీళ్లు పోసి అందులో ఒక చుక్క వేస్తుంది. వేళ్లకు మెత్తగా తగిలితే ఇంకా కాగాలి. గ్లాసు అడుగున టక్కుమని మోగితే ముదురుపాకం వచ్చినట్టు. నేను అంకె చూస్తూ రంగు చూడటం మర్చిపోయాను. వంటిల్లంతా మాడు కంపు.

ఆ కంపులోనే పిన్ని తన మూకుడు కాచుకుంటోంది. ఉన్నట్టుండి ఆగింది. తల కొంచెం పక్కకు వంచి, "వస్తున్నా, వస్తున్నా" అంది మెల్లగా. అడుగు మాత్రం కదపలేదు. మా అమ్మాయి ముందుగదిలో చాప మీద నిద్రపోతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"ఎవరితో పిన్నీ?"

"ఎవరితోనూ లేదు. నీ పని నువ్వు చూసుకో."

నా పాకం మాడాక థర్మామీటరు తీసి ఆవిడ మూకుట్లో పెట్టి ఉంచాను. నూట నలభై ఆరు.

మూడో రోజూ అక్కడే ఆగింది. మళ్లీ నూట నలభై ఆరే. కళ్లజోడు లేకపోతే ఆవిడకు ఆ అంకెలు కనపడవు, పొయ్యి దగ్గర అది పెట్టుకోదు. నేను పుస్తకంలో రాసుకున్నాను: నీరు ఆవిరయ్యేకొద్దీ పాకం చిక్కబడుతుంది, బుడగలు నిదానంగా పగులుతాయి, చప్పుడు మారుతుంది, వినేవాళ్ల మనసు అందులో మాట వెతుక్కుంటుంది. రాసింది మళ్లీ చదివాను. తప్పేమీ లేదు. చేతుల మీద రోమాలు మాత్రం నిక్కబొడుచుకునే ఉన్నాయి.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. మూత పెట్టని పిప్పరమెంట్లన్నీ చెమ్మ పీల్చి కాగితాలకు అంటుకుపోయాయి. ఇద్దరం కూర్చుని ఒలుస్తుంటే పిన్ని తనే చెప్పింది.

"నాకో కూతురుండేది. ఐదేళ్లది. మూకుడు దించుతుంటే వెనకనించి 'అమ్మా' అంది. ఏంటమ్మా అని తిరిగాను." ఒక కాగితం ఊడదీసి పక్కన పెట్టింది. "మూకుడు చేతిలోనే ఉంది. ఆసుపత్రిలో పది రోజులుంది. పదకొండో రోజుకు లేదు. అప్పట్నించీ పాకం ముదిరే వేళకు పిలుస్తుంది. పలుకుతాను గానీ తిరగను. మూకుడు కింద పెట్టేదాకా ఎవరు పిలిచినా తిరగను."

ఇంతకంటే జాగ్రత్త మనిషి ఎక్కడ దొరుకుతుందని నాకు నేను చెప్పుకున్నాను.

శుక్రవారం నిమ్మకాయలు తేవడానికి మేడ మీదికి వెళ్లాను. దిగుతుంటే మెట్ల మీదికే మా అమ్మాయి ఏడుపు వినపడింది. "అమ్మమ్మా! అమ్మమ్మా!" పిన్నిని అది అలాగే పిలుస్తుంది. స్నానాలగదిలోకి వెళ్లి లోపల గడియ వేసుకుంది, తియ్యడం రావడం లేదు. పిన్ని వంటింట్లో అటు తిరిగి నింపాదిగా పళ్లెంలో పాకం పోస్తోంది. పెదాలు కదులుతున్నాయి. "వస్తున్నా, వస్తున్నా."

తలుపు సందులోంచి గరిటె కాడ దూర్చి గడియ తీశాను. పిల్ల చెమటలో తడిసిపోయి ఉంది.

"మీకు వినపడలేదా పిన్నీ?" నా గొంతు లేచింది.

పిన్ని మూకుడు కింద పెట్టి, అప్పుడు తిరిగింది. మొహం పాలిపోయింది. "ఇదా పిలిచింది? నిజంగా ఇదేనా? రోజూ వినేదే అనుకున్నానమ్మాయ్."

అమ్మమ్మా అన్నా చివరికి వినపడేది అమ్మా అనే. అందుకని పిలుపు మారుద్దామనుకున్నాం. అత్త, బామ్మ, పెద్దమ్మ, ఏదీ మా అమ్మాయికి నచ్చలేదు. బుగ్గలో పిప్పరమెంటు బిళ్ల పెట్టుకుని "బిళ్లూ" అంది.

"చూశావా, కుక్కపిల్లని పిలిచినట్టు పిలుస్తోంది నన్ను" అని పిన్ని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. శనివారమంతా ఇంట్లో బిళ్లూ, బిళ్లూ అని ఒకటే కేకలు. పిలిచిన ప్రతిసారీ పిన్ని ఠక్కున మూకుడు దించి గబగబా వచ్చింది. నాకు ప్రాణం కుదుటపడింది.

ఆదివారం మధ్యాహ్నం పిన్ని మేడ మీదికి వచ్చింది. ఎప్పుడూ మెట్లెక్కదు, మోకాళ్ల నొప్పులు. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పిల్ల ఇందాక కిందికి వచ్చిందా?"

"లేదే. పొద్దున్నుంచీ ఇక్కడే ఉంది. ఏం పిన్నీ?"

"అది కూడా నేర్చుకుందమ్మాయ్" అంది. "ఇప్పుడే బిళ్లూ అని పిలిచింది."

ఫ్యాను తిరుగుతోంది. మా అమ్మాయి నేల మీద బొమ్మలు వేసుకుంటోంది. ఆ బొమ్మలు చూస్తూ పిన్నే మళ్లీ అంది: "నీకు చెప్పకుండా ఊరుకోవచ్చు. పిల్ల ఇంట్లో తిరుగుతుంటే నాకూ బాగుంది. కానీ నా దగ్గర వదలొద్దు."

చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పింది కాబట్టే ఈవిడ దగ్గర తప్ప ఇంకెక్కడా వదలబుద్ధి కాలేదు. పగలు పొయ్యి వెలిగించనని మాట తీసుకున్నాను. పాకం పని సాయంత్రానికి మార్చాం, నేను ఇంటికి వచ్చాక.

ఇప్పుడు రోజూ ల్యాబ్ నుంచి రాగానే కింది ముందుగదిలో పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను. వంటింట్లో పాకం కాగుతుంటుంది. బుడగల చప్పుడు సన్నంగా మొదలై, లావెక్కి, నెమ్మదిస్తుంది. అప్పుడు పిన్ని అక్కణ్నించే అడుగుతుంది.

"అమ్మాయ్, పిల్ల పిలిచిందా?"

నేను పిల్ల మొహంలోకి చూస్తాను. పెదాలు మూసుకునే ఉంటాయి. కానీ అది కూడా ఏదో విన్నట్టు తలెత్తి వంటింటి వైపే చూస్తుంటుంది.

"లేదు పిన్నీ. నా ఒళ్లోనే ఉంది."

"సరే అయితే" అని పిన్ని పాకం పళ్లెంలో పోస్తుంది.