బొగ్గు బండిని ఆపిన రెండు సూర్యుళ్ళు

నా జన్మలో నేను ఒక్క సభలోనే ప్రసంగించాను. అది ముగియకముందే నిండు బొగ్గు బండి ఒకటి నడిదారిలో ఆగిపోయింది. మీరు నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే నవ్వేముందు, ఆ బండి బ్రేకులు బాగున్నందుకు నాతోపాటు ఒక దణ్ణం పెట్టుకోండి.

రెండు వేల ఏడో ఎనిమిదో. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పట్టాలను ఆనుకుని ఉన్న రైల్వేవారి బడిలో నేను టెంపరరీ సైన్సు టీచరుని. ఆ ఏడు సైన్సు ప్రదర్శనలో బడి పేరు నిలబెడితే పర్మనెంటు చేస్తానని ప్రిన్సిపాలు గారు మాటిచ్చారు. మాటే, కాగితం కాదు. అయినా నేను అమ్మకి చెప్పేశాను, అమ్మ ఊరి చివర లాల్‌ఖదాన్ పేట దాకా చెప్పేసింది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు.

మిగతా టీచర్లు బుద్ధిగా అగ్నిపర్వతాలు చేసుకున్నారు. నా కంటికి అవి ఆనలేదు. మన సూర్యుడిలాంటివే రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయట. వాటిలో ఒకదాని ముందు నుంచి మూడున్నర రోజులకొకసారి ఓ గ్రహం దాటుతుందట. దాటినప్పుడల్లా వెలుగు పిసరంత తగ్గుతుంది, ఆ పిసరంతను పట్టుకుని గ్రహం ఉందని చెబుతారు. ఇంత చక్కటి సంగతి దొరికాక ఊరుకునే వయసు కాదు నాది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో ఒక్కసారైనా చేసి చూసుకోకుండా రచ్చకెక్కాను.

నక్షత్రాలుగా రెండు హ్యాండ్ ల్యాంపులు తెచ్చాను, గార్డులు డ్యూటీలో పట్టుకునేవి. గ్రహంగా నిమ్మకాయ. మసకచీకటి పడుతుండగా మైదానంలో, పట్టాల వైపు గోడకి వీపు పెట్టి బల్ల ఎక్కాను. ఎదురుగా డ్రైవర్లు, గార్డులు, వాళ్ళ ఇంటివాళ్ళు, సగంమంది మన తెలుగువాళ్ళే.

నిమ్మకాయ దాటించాను. ఎవరికీ ఏమీ కనబడలేదు. నిజానికి సైన్సూ అదే చెబుతుంది, పక్కన రెండో నక్షత్రం వెలుగుతుంటే మొదటిదాని తగ్గుదల కనబడీ కనబడదు. ఆ ముక్క చెప్పి దిగిపోతే ఈ కథే లేదు. దిగలేదు. బత్తాయి దాటించాను. కొబ్బరికాయ దాటించాను. ప్రిన్సిపాలు గారు ఆవలించారు. ఉద్యోగం పోయినట్టేననుకున్నాను.

గ్రహాన్ని పక్కనపెట్టి నక్షత్రాలనే తిప్పుదామనిపించింది. చెరో చేత్తో దీపం పట్టుకుని, రెంటినీ ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిప్పడం మొదలుపెట్టాను.

రైల్వే ఇళ్ళలో అఆల కంటే ముందు నేర్పే రూలు ఒకటుంది. పట్టాల పక్కన ఎవరు దీపం జోరుగా ఊపినా అది ప్రమాదమని అర్థం, డ్రైవరు బండి ఆపి తీరాలి. మా తాతా నాన్నా ఇద్దరూ డ్రైవర్లే. ఆ రూలు నన్ను నిద్రలేపి అడిగినా చెబుతాను. మెలకువగా ఉన్నప్పుడే గుర్తుకు రాలేదు.

ముందు వరసలోంచి రిటైరైన గార్డు సింహాచలం తాత లేచాడు. "అమ్మీ, దీపం అలాగ ఊపీకే," అన్నాడు, వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఆడిస్తూ.

"ప్రశ్నలు చివర్న తాతా," అని ఇంకాస్త జోరు పెంచాను.

అంతలో సభంతా లేచి నిలబడింది. నాకు ఒళ్ళు పులకరించింది. చప్పట్ల కోసం చూశాను. వాళ్ళు నా వెనక్కి చూస్తున్నారు. గోడ అవతల బొగ్గు బండి కీచుమంటూ ఆగుతోంది.

డ్రైవరు దిగి రొప్పుతూ వచ్చాడు. యాస వింటే శ్రీకాకుళం వైపు మనిషే. "ఏటైనాదమ్మా? పట్టా ఇరిగిందేటి?"

"లేదండీ. గ్రహం దాటుతోంది."

ఆయన వెళ్ళి పట్టాలన్నీ చూసి వచ్చాడు. "ఏ లైను మీద? అప్ లైనా, డౌన్ లైనా?"

మొత్తం వివరించాను. ఓపిగ్గా విన్నాడు. బండి ఊరికే ఆపితే ఆయన ఉద్యోగానికి ఎసరు, అందుకని ఆపించిన మనిషే కారణం రాసివ్వాలన్నాడు. "నువ్వు సెప్పింది నాను రాయలేనమ్మా. నువ్వే రాసి సంతకం ఎట్టు," అని పుస్తకం నా చేతిలో పెట్టాడు.

'గ్రహం అడ్డు వచ్చినందున' అని రాశాను. అక్కడితో ఆగొచ్చు. శాస్త్రమన్నాక కచ్చితంగా ఉండాలి కదా అని, 'ఇది మూడున్నర రోజులకొకసారి జరుగును' అని కూడా చేర్చాను.

వారం తిరక్కుండా రైల్వే పై ఆఫీసు నుంచి ప్రిన్సిపాలు గారికి ఉత్తరం వచ్చింది. మూడున్నర రోజులకొకసారి వచ్చే సదరు అడ్డంకిని తొలగించారా? సదరు టీచరు పర్మనెంటా, టెంపరరీయా? టెంపరరీ అయితే ఆమెను పనిలో పెట్టుకున్నవారే సంజాయిషీ ఇచ్చుకోవలెను.

ప్రిన్సిపాలు గారు చివరి వాక్యం రెండుసార్లు చదివారట. ఆ మధ్యాహ్నమే నన్ను పిలిచి, నా ముఖం చూడకుండా రెండు కాగితాలు చేతికిచ్చారు. పైది నన్ను వెనకటి తేదీ నుంచి పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు. కిందిది నా మీద చార్జిషీటు.

"అచ్ఛా మేడమ్, మొదటిది ఇస్తే గానీ రెండోది ఇవ్వడానికి రూల్సు ఒప్పుకోలేదు," అన్నారు.

కనుక ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక రెండు దీపాలు ఒకేసారి చేతబట్టను, పట్టిన ఒక్కటీ ఊపను. మా ఇంట్లో హారతి కూడా పట్టాల వైపు కిటికీ మూసి, పళ్ళెం కదపకుండానే ఇస్తాను. వెలుగు సరిగా పడలేదనిపిస్తే దేవుడే కాస్త అటూ ఇటూ జరుగుతాడు.