టిఫిన్ సంచిలో వేప్

వేప్ మానండని ఊరంతా తిరిగి చెప్పిన నర్సే వేప్‌తో పట్టుబడింది. ఆ నర్సుని నేనే. పట్టుకున్నది పోలీసులు కాదు, మా అమ్మీ. పోలీసులైతే ఏదో ఒకటి చెప్పి బయటపడేదాన్ని.

అప్పటికి మార్కాపురంలో నాకు ఉద్యోగం కొత్త. కాలేజీల్లో పిల్లలకి, ఇళ్లల్లో తల్లులకి ఈ బ్యాటరీ సిగరెట్టు గురించి చెప్పే పని నాకు పడింది. చూడటానికి పెన్ డ్రైవ్‌లా ఉంటుంది, పీలిస్తే పండ్ల వాసన, లోపల నికోటిన్, అలవాటైతే ఒక పట్టాన వదలదు. ఇదీ నా పాఠం. నలుగురిలో తడబడతానేమోనని ముందు ఇంట్లో అమ్మీని కూర్చోబెట్టి అప్పజెప్పాను. ఒకసారి కాదు, ధైర్యం వచ్చేదాకా. నాకు ధైర్యం రాలేదుగానీ అమ్మీకి పాఠం మొత్తం నోటికొచ్చేసింది.

కాలేజీలో పాఠం అయ్యాక ఇంటర్ చదివే ఒకమ్మాయి నా వెనకే వచ్చింది. మా వీధి పిల్లే. హారిక అనుకోండి, అసలు పేరు చెప్పానంటే నేను పడ్డ పాట్లన్నీ దండగ. చున్నీ చాటునుంచి వేప్ తీసి నా చేతిలో పెట్టింది.

"హైదరాబాదు నుంచి వచ్చి మా బావ ఇచ్చినాడక్కా. మానలేకపోతన్నా. నాయనకి తెలిస్తే కాలేజీ మానిపిస్తాడు. ఎవరికీ చెప్పొద్దక్కా."

"చెప్పను," అని చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

బ్యాటరీ ఉన్న వస్తువు, చెత్తలో పారేయకూడదు. మర్నాడు ఆసుపత్రిలో అప్పగిద్దామని నా టిఫిన్ సంచిలో వేసుకున్నాను. లోకంలో ఇన్ని సంచులుండగా, గిన్నె కడగడానికి మా అమ్మీ రోజూ తెరిచే సంచిలో! నా తెలివి అట్లా ఉండేది.

"ఏందే ఇది?"

"పెన్ డ్రైవ్ అమ్మీ."

"ముందు పెన్ డ్రైవ్ అంటారని నువ్వే చెప్పినావు."

"నాది కాదమ్మీ!"

"తర్వాత నాది కాదంటారని గూడా చెప్పినావు." ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "మామిడిపండు. అదీ చెప్పినావు."

"పోనీ రెండు దెబ్బలు కొట్టరాదా?"

"కొట్టగూడదు, అరవగూడదు, పక్కన కూచోబెట్టుకుని మెల్లగా మాట్లాడాలంటివి గదా. రా, కూచో."

మా అమ్మీ అంత మెల్లగా మాట్లాడటం నేను పుట్టాక అదే మొదలు. చెప్పొద్దూ, భయమేసింది. "సరే, నీది కాకుంటే ఎవరిదో పేరు చెప్పు, నమ్ముతా," అంది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మీకి చెబితే వీధికి చెప్పినట్టే. వీధికి తెలిస్తే ఆ పిల్ల చదువు అంతటితో సరి.

"నాదే," అన్నాను.

మర్నాడు ఆశా వర్కర్ వెంకటమ్మ నా గదిలోకొచ్చి తలుపు దగ్గరికేసింది. "ఎవరికీ చెప్పొద్దని మీ అమ్మ నాకు చెప్పింది సిస్టర్. మీరేం భయపడొద్దు," అంటూ బొమ్మల చార్టు తెరిచింది. ఆ చార్టుకి రంగులేసింది నేనే. ఊపిరితిత్తుల బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఖర్మకాలి నాకు దగ్గొచ్చింది.

"చూసినారా!" అంది వెంకటమ్మ.

సాయంత్రం వీధిలో నా సంగతి విని హారిక ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. "నిజం చెప్పేస్తానక్కా."

"నోరు మూసుకో. నా పరువు ఎట్లనూ పోయింది, నీది గూడా ఎందుకు?"

ఇంతలో అమ్మీ రానే వచ్చింది. హారిక గబగబా కళ్లు తుడుచుకుని, "పెద్దమ్మా, అక్కని నేను కనిపెట్టుకుని ఉంటా. రోజూ వస్తా," అంది. అన్నట్టే వచ్చింది. "ఈ పొద్దుకి ఓర్చుకో అక్కా, రేపటికి తగ్గుతాది," అని నాకు చెప్తున్నట్టు తనకే చెప్పుకునేది. ఆ పిల్లకి మనసు లాగినప్పుడల్లా ఇద్దరం మంచినీళ్లు తాగేవాళ్లం. నాకు దాహం లేకపోయినా తాగాల్సిందే, అమ్మీ చూస్తోంది కదా. అట్లా కొన్నాళ్లకి హారిక పూర్తిగా మానేసింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. తల్చుకుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

అమ్మీ మాత్రం ఈనాటికీ హారిక కనబడితే తల నిమిరి, నావైపు చూసి అంటుంది: "ఈ బిడ్డని చూసి నేర్చుకోవే. ఒక్కనాడన్నా అట్లాంటిదాని జోలికి పోయిందా?"

కాబట్టి, అమ్మీకి తెలుగు చదవడం రాదన్న ధైర్యంతో, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ జబ్బు గురించి పాఠం చెప్పాల్సొచ్చినా అద్దం ముందు నిలబడి నాకు నేనే అప్పజెప్పుకుంటాను. మా అమ్మీకి మాత్రం చచ్చినా వినిపించను.